కవరు మీద రాసిన మాట

బుసాన్, సాసాంగ్
నవంబరు 30, 1998

ప్రియమైన మిరాన్ వాళ్ళమ్మకు,

ప్రభువు పేరిట వందనం. నువ్వు గోహుంగ్ బస్సెక్కి పన్నెండు రోజులైంది. అత్తయ్య తుంటి నొప్పి తగ్గిందా? డెబ్బై ఆరేళ్ళ మనిషి పుల్లటి యూజా పళ్ళ కోసం నిచ్చెన ఎక్కి పడడమేమిటి? నేనన్నానని మాత్రం చెప్పకు. బూట్లవాడు నాకు బుద్ధులు చెబుతున్నాడా అంటుంది.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. నిరుడు దేశంలో డాలర్లు నిండుకున్న గొడవ మొదలైన దగ్గర్నుంచి వింటున్నదే నిజమైంది. మన బూట్ల ఫ్యాక్టరీ ఆర్డర్లు సగానికి సగం వేరే దేశానికి పోయాయి. శుక్రవారం భోజనాల హాలు గోడ మీద జాబితా అంటిస్తారట. మా కోత విభాగంలో నలభై మందిమి, పదిహేను మంది పోతారట. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ పులుసు గిన్నెలోకే చూస్తుంటారు. నా పక్క మిషనువాడు మాత్రం "నీకేం భయం అన్నా, పాతకాపువి" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను కానీ ఆ పూట అన్నం సయించలేదు.

రోజూ వేకువ ప్రార్థనకు వెళ్తున్నాను. కళ్ళు మూసుకుంటే ప్రార్థనకు బదులు పేర్లు వస్తున్నాయి, ఎవరుంటారు, ఎవరు పోతారు అని. నా పేరు ఉండకూడదని అడిగితే ఇంకొకడి పేరు ఉండాలని అడిగినట్టే కదా. అందుకని ఏమీ అడక్కుండానే లేచి వచ్చేస్తున్నాను.

నీకు మన సంఘం మీద బెంగ రాకుండా వారవారం చర్చి పత్రిక పోస్టులో పంపమని చర్చి ఆఫీసులో ఒక్సున్ అక్కగారికి చెప్పాను. అంతకుముందు ఆదివారం ఎవరెవరు కానుకలిచ్చారో, కవరు మీద ఏ కృతజ్ఞత రాశారో అన్నీ అందులో అచ్చవుతాయిగా, చదువుకో. మొన్న ఒకాయన పంటినొప్పి తగ్గినందుకని రాసి ఇచ్చాడు. పాస్టరుగారు పైకి చదివేసరికి ఆరాధనలో అందరం నవ్వేశాం.

ఇట్లు,
నీ దూసిక్


గోహుంగ్
డిసెంబరు 3

ప్రియమైన మిరాన్ నాన్నగారికి,

మీ ఉత్తరం నిన్న అందింది. అమ్మ లేచి కూర్చుంటోంది. మనిషితో పాటు నోరూ లేచింది. గంజిలో ఉప్పు లేదు, బుసాన్‌లో కాపురం చేసి వంట మర్చిపోయావు అంటోంది. బాగుపడుతున్నట్టే లెక్క.

జాబితా సంగతి ఆమెకు చెప్పలేదు. మన పెళ్ళప్పుడు అన్నమాట మీకూ గుర్తుండే ఉంటుంది, "ఊరందరికీ బూట్లు చేసేవాడు ఏదో ఒకనాడు నిన్ను ఒట్టికాళ్ళతో నిలబెడతాడు" అని. ఇన్నేళ్ళయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. "నేను అన్నాను కదా" అనే అవకాశం ఆమెకు ఇవ్వదలచుకోలేదు.

ప్రార్థనలో అడగడానికి మీకు మొహమాటమైతే నేను అడుగుతాను, నాకు సిగ్గులేదు. నిన్న ఈ ఊరి చిన్న చర్చిలో అడిగేశాను కూడా. ప్రభువా, మిగతావాళ్ళ సంగతి నువ్వు చూసుకో, మా ఆయన్ని మాత్రం ఉంచు అని. తర్వాత కొంచెం సిగ్గేసింది, నిజమే.

ఇంకొకటి. మీ విభాగంలో కాంగ్ గారి రెండు వేళ్ళు ఆ కోత మిషను తినేసిన రోజు నుంచి, సాయంత్రం మీరు గుమ్మంలో అడుగుపెట్టగానే చేతులు చాపించి వేళ్ళు లెక్కపెడుతున్నాను. పది ఉంటేనే అన్నం వడ్డించాను. అమ్మాయి మిరాన్ కూడా ఇంట్లో ఉండదాయె, ఇప్పుడెవరు లెక్కపెడుతున్నారు? ప్రతి ఉత్తరం చివరా అంకె వెయ్యండి.

శుక్రవారం మంచైనా చెడైనా ఆ రోజే రాయండి.

మీ
మల్‌సున్


బుసాన్
డిసెంబరు 7

ప్రియమైన మల్‌సున్‌కు,

శుక్రవారమే రాయాల్సింది. చర్చి పనుల్లో పడి కుదరలేదు.

జాబితా అంటించారు. పదిహేను పేర్లు. నా పేరు లేదు.

అలాగని మరీ సంబరపడకు. ఒకాయన ఆ కాగితం ముందు నిలబడి తన పేరు తనే మూడుసార్లు చదువుకున్నాడు. తర్వాత తిన్నగా లోపలికి వెళ్ళి పళ్ళెం నిండా అన్నం పెట్టించుకుని మెతుకు మిగల్చకుండా తిన్నాడు. వారం రోజులుగా ఆకలి లేని మనిషి ఆ పూటే ఎందుకలా తిన్నాడో ఇప్పటికీ అర్థం కాదు. చుట్టుపక్కల వాళ్ళు లేచి దూరంగా కూర్చున్నారు. పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, ఏమని పలకరిస్తారు?

ఇల్లంతా శుభ్రం చేశాను. వంటింటి తలుపు కిర్రుమంటోందని నాలుగేళ్ళుగా సణుగుతున్నావుగా, నూనె వేశాను. కిటికీ సందుల్లో కాగితం అంటించాను. మేడ మీది వాళ్ళ తలుపు కూడా బాగుచేశాను, వాళ్ళు అడక్కపోయినా.

ఫోను చెయ్యకు. గరగరమంటోంది, బాగుచేయించాలి. మనకు నా సైన్యం రోజుల నుంచీ ఉత్తరాలే కదా అలవాటు.

వేళ్ళు పది.

నీ
దూసిక్


గోహుంగ్
డిసెంబరు 10

ప్రియమైన మిరాన్ నాన్నగారికి,

ఉత్తరం చదివి పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. సంతోషంతోనే. తర్వాత అమ్మకు మొత్తం చెప్పేశాను, జాబితా గురించి, మీ పేరు లేకపోవడం గురించి. అమ్మ అటు తిరిగి దుప్పటి సర్దుకుంది. చివరికి "అయితే బూట్లవాడు గట్టివాడేనన్నమాట" అంది. అంతేనా అన్నాను. "ఇంకేం కావాలి, సాష్టాంగపడనా? తుంటి విరిగింది నాకు" అంది. మర్నాడు పొద్దున చూస్తే, మంచం మీద కూర్చునే యూజా పళ్ళు సన్నగా తరిగి చక్కెరలో ఊరేస్తోంది. ఆ జాడీ మీకేనట. తనే మూత కట్టింది. రేపు పోస్టులో వేస్తాను.

క్రిస్మస్‌కు మీరు రావాలి. ఒక్కదాన్నే అమ్మను లేపలేకపోతున్నాను, నడుం పట్టేసింది. తోటలో పళ్ళు సగం చెట్ల మీదే ఉన్నాయి, గట్టి మంచు పడిందంటే పాడైపోతాయి. మూడురోజులు సెలవు అడగండి. ఇన్నాళ్ళ సర్వీసులో మీరు అడిగిందెప్పుడు?

పోయినవాళ్ళ ఇళ్ళకు ఒకసారి వెళ్ళిరండి. పళ్ళెం నిండా తిన్న ఆయన ఇంటికి ముందు వెళ్ళండి.

మీ
మల్‌సున్


బుసాన్
డిసెంబరు 14

ప్రియమైన మల్‌సున్‌కు,

జాడీ అందింది. అత్తయ్యకు నా నమస్కారం చెప్పు. ఇంకా మూత తీయలేదు.

క్రిస్మస్‌కు రావడం కుదరదు. మనుషులు తగ్గారుగా, ఉన్నవాళ్ళ మీదే పని పడింది. పండగ రోజు కూడా పిలుస్తారేమో. మళ్ళీ అడగొద్దు, అడిగినకొద్దీ నాకు చిరాకొస్తోంది.

అత్తయ్యకు అదంతా ఇప్పుడే చెప్పాల్సినంత తొందరేమొచ్చింది? అన్నీ ఊరంతా చాటాలా?

ఇది రాశాక చింపేద్దామనుకున్నాను. ఉండనీ. మనసు ఒకచోట నిలవడం లేదు. చర్చిలో అటూ ఇటూ తిరుగుతూ విరిగిన కుర్చీలు బిగిస్తున్నాను. ఆదివారపు బడి పిల్లలు క్రిస్మస్ నాటకం వేస్తున్నారు, వాళ్ళకు తోలు ముక్కలతో చెప్పులు కోస్తున్నాను, యోసేపుకూ గొర్రెల కాపరులకూ. బుధవారం మధ్యాహ్నం చర్చి మేడ మీద ఎండ బాగుంది, అక్కడే కూర్చుని కోశాను. చిన్న కాళ్ళు. కొలతలు తీస్తుంటే చక్కిలిగింతలని ఒకటే నవ్వు.

వేకువ ప్రార్థనలో నా చోటు మార్చాను. ముందు వరస వదిలేసి స్తంభం వెనక కూర్చుంటున్నాను. ప్రభువు మీద కోపంగా ఉంది. ఎందుకని అడక్కు. కోపమున్నా రోజూ వెళ్తున్నాను, అదీ నాకు అర్థం కావడం లేదు.

వేళ్ళు పది.

దూసిక్


గోహుంగ్
డిసెంబరు 18

ప్రియమైన మిరాన్ నాన్నగారికి,

మీ ఉత్తరం, చర్చి పత్రిక ఒకే రోజు వచ్చాయి. రెండూ చదివాను. రెండుసార్లు ఫోను చేశాను. గరగరమనలేదు, చక్కగా మోగింది, మీరే తీయలేదు.

సెలవు గురించి మళ్ళీ అడగను. చిరాకు పడ్డారని బాధ కూడా లేదు. పొయ్యి మీద గంజి పొంగితే కుండను తిడతామా?

నిన్నంతా యోసేపు గురించే ఆలోచించాను. మీరు చెప్పులు కోస్తున్నారన్నారుగా, అందుకు. ప్రతి క్రిస్మస్‌కూ మరియ గురించి వింటాం, దూతల గురించి వింటాం. అతని వడ్రంగి కొట్టు ఏమైందని ఎవరైనా అడిగారా? జనాభా లెక్కలకని తాళం వేసి బయల్దేరాడు. అటునుంచి అటే ఐగుప్తుకు పారిపోయాడు. ఉలీ సుత్తీ లేవు, తెలిసిన ఊరు కాదు, తెలిసిన భాష కాదు, చంటిబిడ్డతో కొత్త చోట పని అడుక్కుని ఉంటాడు. అయినా మరియకు ఏమీ దాచి ఉండడు. ఒకే గాడిద మీద వెళ్ళేవాళ్ళు ఏం దాచుకుంటారు?

అమ్మ కూడా ఒక మాట చెప్పమంది. "మంచు ఎల్లుండో ఆవలెల్లుండో పడుతుంది. తోటలో చేతులు కావాలి. ఎవరి చేతులైనా సరే, మిషను చేతులైనా సరే" అంది. ఉన్నదున్నట్టు రాశాను.

దీంతో పాటు కానుక కవరు ఒకటి పెడుతున్నాను, అంటించే ఉంది. పైన మడతకాగితం చుట్టాను, విప్పి చూడకండి. క్రిస్మస్ ఆరాధనలో కాగితం తీసేసి పళ్ళెంలో వేయండి. మీ మీద నాకున్న నమ్మకం కొద్దీ పంపుతున్నాను.

మీ
మల్‌సున్


బుసాన్
డిసెంబరు 25, మధ్యాహ్నం

నా ప్రియమైన మల్‌సున్‌కు,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

నువ్వు చెప్పినట్టే విప్పి చూడలేదు. మడతకాగితం తీసి, కళ్ళు పక్కకు తిప్పుకుని పళ్ళెంలో వేశాను. పిల్లల నాటకం అయ్యాక పాస్టరుగారు కవర్లు ఒక్కొక్కటే తీసి చదవడం మొదలుపెట్టారు. ఒకరికి మనవడు పుట్టినందుకు. ఒకరికి కొడుకు సైన్యం నుంచి క్షేమంగా వచ్చినందుకు. తర్వాత ఒక కవరు చేతికి తీసుకుని నేనెక్కడున్నానో చూశారు. అప్పుడు చదివారు.

"మల్‌సున్. నా భర్త ఇరవై రెండేళ్ళు కోత మిషను దగ్గర పనిచేసి, పది వేళ్ళతో ఇంటికి తిరిగి వచ్చినందుకు."

ఎవరూ నవ్వలేదు. నా ముందు వరసలో కాంగ్ గారు ఉన్నారు. ఆయన మూడు వేళ్ళ చెయ్యి వెనక్కి చాపి నా మోకాలు పట్టుకున్నారు, ఆమెన్ అనేదాకా వదల్లేదు. నేను నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఏడ్చాను. జాబితా చూసిన రోజు కూడా ఏడవలేదు.

అవును, ఆ పళ్ళెం నిండా తిన్నవాణ్ణి నేనే. జాబితాలో మొదటి పేరు నాది, హాజరు పట్టీలో పాత నంబరు కదా, పైనే వేశారు. ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాయబోతే మీ అమ్మ మాట గుర్తొచ్చింది. నిన్ను ఒట్టికాళ్ళతో నిలబెట్టానని నా చేత్తో నేనే ఎలా రాయను? క్రిస్మస్ లోపల ఇంకో పని దొరికితే అప్పుడు చెబుదామనుకున్నాను. తిరగని ఫ్యాక్టరీ లేదు. వయసు అడుగుతారు, నలభై ఎనిమిది అంటే మర్యాదగా టీ ఇచ్చి పంపించేస్తారు. నీకు అబద్ధం రాశాను, నీ మీద విసుక్కున్నాను. క్షమించు.

ఆరాధనయ్యాక ఒక్సున్ అక్కగారి మీదికి వెళ్ళాను, మా ఆవిడకు చెప్పింది మీరేనా అని. ఆమె నన్ను వింతగా చూసింది. "నేనేం చెప్పాను, డీకన్ గారూ? వారవారం పత్రిక పంపమన్నది మీరే కదా, పంపాను. మీ కవరు మీద మాట అచ్చు వేయకుండా మానేస్తామా?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. జాబితా వచ్చిన రెండు రోజులకు, ఆదివారం, కానుక కవరు తీసుకుని ఏం రాయాలా అని కూర్చున్నాను. పని నిలిచినందుకు అని రాయబోతే కలం కదల్లేదు. నీకు రాయగలిగిన అబద్ధం అక్కడ రాయలేకపోయాను. ఖాళీ కవరు వేయడానికీ మనసొప్పలేదు. చివరికి "ఇరవై రెండేళ్ళు పని ఇచ్చినందుకు" అని రాసి వేశాను. ఆ రోజు పాస్టరుగారు చదివితే సంఘమంతా విన్నది, నువ్వు నాలుగు గంటల దూరంలో ఉన్నావులే అనుకున్నాను. నిజం చెప్పింది ప్రభువుకు మాత్రమే అనుకుంటూ, దాన్ని నీకు చేర్చే ఏర్పాటు కూడా ముందే నేనే చేసి కూర్చున్నాను. నా అంత తెలివైనవాడు బుసాన్‌లో ఇంకొకడు ఉండడు.

ఆయన మీద కోపం పూర్తిగా పోలేదు. రేపు ఏం చేస్తానో తెలియదు, జనవరిలో ఏం తింటామో తెలియదు. ఆ భయం ఇప్పుడు రాస్తుంటే కూడా ఉంది. కానీ ఇవాళ ఆ ఆమెన్ తర్వాత స్తంభం వెనక నుంచి లేచి ముందు వరసకు వచ్చి కూర్చున్నాను. నాటకంలో యోసేపు వేసిన పిల్లవాడు నేను కోసిన చెప్పులతో నడిచాడు. ఎడమది కొంచెం వదులైంది, ఈడ్చుకుంటూనే బేత్లెహేము దాకా చేరాడు.

సాయంత్రం బస్సుకు టికెట్టు తీసుకున్నాను. అత్తయ్య జాడీ సంచిలో పెట్టాను. మూత ఆమె ముందే తీస్తాను, ఏమన్నా పడతాను. తోట కోత చేతి కత్తెరతోనే అయితే మిషను కన్నా నాకు నయమే. ఈ ఉత్తరం కూడా నేనే తెచ్చి నీ చేతికిస్తాను, ఎదురుగా కూర్చుని చెప్పడానికి నోరు రాకపోతే చదువుకుంటావని.

ఈసారి అంకె వేయడం లేదు. గుమ్మంలో నిలబడి చేతులు చాపుతాను. అన్నం తర్వాత పెడుదువుగాని, ముందు నువ్వే లెక్కపెట్టుకో.

నీ
దూసిక్