అడుగంటిన అన్నం

ఓబులమ్మక్కా,

నువ్వు ఇక్కణ్నుంచి వెళ్లిపోయి నేటికి ఏడాది. ఈ అరబ్బు ఊరు అల్ ఖౌద్‌లో, మేడమ్ ఇంట మనిద్దరం వండిన వంటింట్లోనే కూర్చుని రాస్తున్నాను.

పోయిన నెల మేడమ్ వాళ్లు పిల్లల్ని చూసుకోవడానికి నన్ను స్పెయిన్ తీసుకెళ్లారు. వలెన్సియాలో ఒకరోజు సెలవిచ్చారు. మేడమ్ చెల్లెలి ఇంట్లో పనిచేసే మంగ, లిజాలతో ఊరంతా తిరిగాను. పెద్ద చర్చి చూశాం, నారింజ చెట్ల కింద ఫొటోలు దిగాం. మధ్యాహ్నం హోటల్లో వెడల్పాటి పెనంతోనే అన్నం తెచ్చిపెట్టారు. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన, ఆయన మనవరాలు అడుగున మాడిన అన్నం చెక్క కోసం పోట్లాడుకుంటున్నారు.

"ఇక్కడోళ్లకి అదే ఇష్టమంట," అంది మంగ.

నువ్వూ అనేదానివి. "పారెయ్యొద్దు మ్మే, అసలు రుచంతా అడుగునే ఉంటాది."

కిందటేడు మేడమ్ ఇంట్లో విందు రోజు అన్నం మాడ్చింది నేను. మేడమ్ అరిస్తే, మాడంటే ఇష్టమని అక్కే అలా వండిందని చెప్పాను. నువ్వు నా వైపు చూశావు గానీ కాదనలేదు. ఆ వారమే నిన్ను కడప పంపేశారు.

స్పెయిన్‌లో ఆ మాడు రుచి చూసి వచ్చాక మేడమ్ కావాలనే అడుగు మాడ్చమంటోంది. నిన్న తిని, ఇంత బాగా ఎవరు నేర్పారని అడిగింది.

ఈసారి కూడా నీ పేరే చెప్పాను.