తట్టు ముందు ఎవరికి వచ్చింది

ఇర్వింగ్ నుంచి

అక్కా,

పక్కింటి పర్సిస్‌కి తట్టు నా నుంచే అంటిందా? ఆ పిల్ల ఆ జబ్బుతోనే చనిపోయి ముప్పై ఆరేళ్లయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఇప్పుడు నా పని, వందేళ్ల కిందట ఈ దేశంలోని ఓ నగరపు పేటలో రాసిన పిల్లల జబ్బుల రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించడం. ఏ ఇంటికి ముందు తేదీ ఉంటే జబ్బు అక్కణ్నుంచే పాకిందని పక్కింటికి బాణం గీసేదాన్ని. మొన్న నాతో పనిచేసే రాగిణి చూసి, "అయ్యో మేడమ్, అది జబ్బు వచ్చిన డేట్ కాదండీ, హెల్త్ ఇన్‌స్పెక్టర్ తలుపు కొట్టిన డేట్! పాపం, ఆ ఇంటి మీద నింద వేసేశారు," అని నవ్వింది. బాణాలన్నీ చెరిపేశాను.

నాకే ముందు వచ్చిందని మనమూ అలాగే పొరబడ్డామేమో. నాన్న నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లారు కాబట్టి నా తేదీ చీటీ మీద మిగిలింది. పర్సిస్‌ని ఎవరూ తీసుకెళ్లలేదు. ఆ పిల్ల ఒంటి మీద తట్టు ఎప్పుడు పేలిందో నీకూ గుర్తులేదన్నావు. వాళ్లమ్మ లూసీ ఆంటీకే తెలియాలి.

లూసీ ఆంటీ ఇప్పుడు ఇక్కడే, కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుని, "బాగున్నావా తల్లీ" అని చెయ్యి పట్టుకుంటారు. అడిగితే నా మనసు కుదుటపడొచ్చు. ఆవిడకి మాత్రం కూతురు పోయిన ఆ వారం మళ్లీ మొదలవుతుంది.

అడగాలో వద్దో నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లెలు