గడప దాటని కుక్క

చెల్లె జమునకు,

పొద్దున్నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. నామీద కోపమనుకుని, నస్పూర్ వస్తున్న ఆటో అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. సాయంత్రం బస్సుకు బాపును తీసుకుని నేనూ వస్తాను.

నేను రోడ్డు మీద నుంచి తెచ్చి నీకిచ్చిన కుక్క మూడు రోజులుగా గడప దాటి లోపలికి రావడం లేదనీ, ఇంటిని చూసి మొరుగుతోందనీ, తీసుకుపొమ్మనీ నిన్న అన్నావు. నీ దగ్గర నేనొక మాట దాచాను. నీకంటే ముందు దాన్ని బెల్లంపల్లిలో బుచ్చవ్వకు ఇచ్చాను. నెలరోజులు ఆమె మంచం కిందే పడుకునేది. ఉన్నట్టుండి లోపలికి రానంది. "గీ కుక్క నాకద్దు, తీస్కపో" అని పంపేసింది. అది బయట కూర్చోవడం మొదలుపెట్టిన నాలుగో రోజు బుచ్చవ్వ వంటిల్లు భూమిలోకి కుంగింది. చేనుకు పోవడంతో ఆమె బతికింది.

చెబితే కుక్కను తీసుకోవని భయపడ్డాను.

ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగిన బాపుకు ఇవాళ అంతా చెప్పాను. "జమున ఇల్లు గుడ పాతబాయి మీదనే ఉన్నది బిడ్డా. కింద పగిలేది కుక్కకు ఇనవడ్తది, మనకు ఇనవడది" అన్నాడు.

పిల్లల్ని తీసుకుని బయటికి రా. కుక్క ఎక్కడ కూర్చుంటే అక్కడే కూర్చోండి. ఇవాళ నాలుగో రోజు.

నువ్వు కోపంతోనే ఫోన్ ఎత్తడం లేదు కదా?

మీ అక్క