వల వాటా

జూన్ 2
వాకాడు ఫుట్‌బాల్ జట్టుకి మేనేజర్‌నయ్యాను! లీగ్ నియమం ఒక్కటే: సీజన్ మొత్తానికి జీతాలన్నీ కలిపి పన్నెండు లక్షలు దాటకూడదు. నా జీతం కూడా అందులోదే. ఒక్క రూపాయి దాటినా జట్టుని తీసేస్తారు. పోయినేడాది పాత మేనేజర్ దాటించాడు, ఊరికి ఆటే లేకుండా పోయింది. నేను దాటించను. ఎవరడిగినా నా సమాధానం: కుదరదు.

జూన్ 5
అందరితో సంతకాలు అయిపోయాయి! ఆటగాళ్లంతా చేపల వేటకి వెళ్లేవాళ్లే. ఇప్పుడు వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డునే. ఎంతంటే అంతకి సరే అన్నారు. మొత్తం పదకొండు లక్షల నలభై వేలు. ఇంత సులువైన పనికి జనం ఎంబీఏలు ఎందుకు చదువుతారో!

జూన్ 15
నిషేధం నిన్నటితో సరి. పొద్దున ప్రాక్టీసుకి వచ్చినవాళ్లు: నేను, బంతి. మిగతా అందరూ సముద్రంలో. ప్రాక్టీసు రోజుల్లో వేటకి వెళ్లకూడదని కాంట్రాక్టులో రాయడం మరిచిపోయాను. ఎంబీఏలో ఇది చెబుతారేమో.

జూన్ 16
గోల్‌కీపర్ పెంచలయ్య వచ్చాడు. కాంట్రాక్టు మార్చాలట.
"అక్కా, నాకు వల వాటా రావాల."
"ఏ వల?"
"గోల్‌కి కట్టుండేదే. పడవలో మనిషికో వాటా, వల కలిగినోడికి ఇంకో వాటా. ఈడ వల కాసేది నేనే గదా?"
"వల క్లబ్బుది, పెంచలయ్యా."
"అయితే క్లబ్బునే నిలబడి కాసుకోమను."
కుదరదన్నాను. గట్టిగానే అన్నాను. సాయంత్రానికి ఇరవై వేలు పెంచాను. ఇది పెంపు కాదు, సర్దుబాటు. ఇంకా పరిమితిలోనే ఉన్నాం!

జూన్ 17
మాట పాకింది. స్ట్రైకర్ చిన్నబాబు: "వల నిండేది నా వల్లనే గదక్కా! నాకు ల్యాకుండా వాడికెట్టా ఇస్తావు?" న్యాయమే. ఇంకో ఇరవై. డిఫెండర్లు నలుగురూ కలిసొచ్చారు. మన వలలో పడకుండా చూసేది వాళ్లేనట. తలా పది. మొత్తం పన్నెండు లక్షల ఇరవై వేలు. సర్దుబాటు కాస్త ఎక్కువైంది.

జూన్ 18
క్లబ్బు యజమాని నరేంద్రబాబు గారికి నిజం చెప్పేద్దామని వెళ్లాను. నోరు తెరిచేలోపే ఆయన తెరిచారు.
"ప్రత్యూషా, మా బామ్మర్ది కొడుకుని గూడా ఓ ముప్పై వేలకి రాసేయమ్మా. పాపం, వాడికి బంతంటే ప్రాణం."
వాడి ఆట చూశాను. బంతికి వాడంటే అంత ప్రేమ లేదు. కుదరదు అనే మాట గొంతు దాకా వచ్చి, బయటికి "అలాగేనండి" అని పడింది.

జూన్ 20
ఈరోజు ఐదింటిలోపు లీగ్‌కి జీతాల పట్టిక పంపాలి. యాభై వేలు ఎక్కువుంది. ఎవరిని తీయను? పెంచలయ్యనా? వలకి దిక్కెవరు? బామ్మర్ది కొడుకునా? నాకు దిక్కెవరు? పట్టికంతా వెతికితే గోల్ వేయని, ఆపని, పరిగెత్తనైనా పరిగెత్తని మనిషి ఒక్కతే దొరికింది. ప్రత్యూష, మేనేజర్, యాభై వేలు. కొట్టేశాను. ఏడుపొచ్చింది. సరిగ్గా పన్నెండు లక్షలు! ఒక్క రూపాయి దాటించానా?

జూన్ 22
మొదటి మ్యాచ్ గెలిచాం! పెంచలయ్య పెనాల్టీ ఆపాడు. ఆటయ్యాక తట్టెడు కానాగంత చేపలు తెచ్చి నా ముందు పెట్టాడు.
"ఇదేంటి?"
"నీ వాటా అక్కా. నీ జీతం కొట్టేసుకున్నావంటనే! ఆ మాట ముందే చెప్పుంటే మేమే తగ్గుండేవోళ్లం."
ముందే చెప్పుంటే!
చేపలు జీతం కిందికి వస్తాయా అని లీగ్‌కి ఫోన్ చేశాను. తూకం వేస్తేనే లెక్కలోకట, వేశారా అన్నారు. వేయలేదు, వేయను.
అంతలో నరేంద్రబాబు గారి ఫోన్. కానాగంతలు వచ్చాయటగా, సగం పంపమన్నారు. పంపాను.
రేపటి నుంచి మాత్రం ఎవరడిగినా ఒకటే మాట: కుదరదు.