ఊపిరికి తల తిప్పనివాడు

మదనపల్లె,
మంగళవారం.

అమ్మకు,

నీ కొడుకు సిద్ధార్థ నమస్కారం. పాదాలకు అని రాయను, ఆ సంగతి నీకు తెలుసు. ఇక్కడ నేను బాగున్నాను. సోమల దగ్గర ఊళ్ళో అవ్వ కూడా మోకాళ్ళ నొప్పి తప్ప బాగుంది. కుప్పంలో నువ్వూ, నువ్వు వండిపెట్టే హాస్టల్ పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

నేను ఫోను ఎత్తడం లేదని ఉత్తరం రాశావు చూడు, అక్కడే నువ్వు గెలిచావు. నేనూ ఉత్తరమే రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను మధ్యలో అరుస్తాను, అసలు మాట మిగిలిపోతుంది.

నువ్వడిగినవాటికి జవాబులు. రూములో వండుకునే తింటున్నాను. సంగటి మాత్రం ఉండలు కడుతోంది, నీ చెయ్యి రాలేదు. కొరియర్ ఆఫీసులో మేనేజరుతో గొడవ నిజమే. నాతో పనిచేసే మునిచంద్రను అందరి ముందు కులం పేరు పెట్టి పిలిచాడు. నేను బల్ల మీద గుద్దాను. క్షమాపణ చెప్పింది నేను కాదు, వాడే. పోటీకి ముందు నువ్వు పంపిన తాయెత్తు తిప్పి పంపడమూ నిజమే. తాయెత్తుల మీద నా అభిప్రాయం మారలేదు. నీ మీద అరిచినందుకు మాత్రం సిగ్గుగా ఉంది.

ఇక ఉత్తరం అడుగున, చోటు చాలక ఇరికించి రాసిన ప్రశ్న. "ఆ పొద్దు చెరువులో నీ కుడిపక్క ఈదిన పిల్లోడు గట్టెక్కినాడా? అందరికీ పచ్చ టోపీలుండాయి, వానికి లేదు. చీకటి పడేదాకా చూస్తి. వాడు రాలేదు."

పోటీకి నువ్వు వచ్చావని అది చదివేదాకా నాకు తెలియదమ్మా. కోపంగా ఉన్న కొడుకుకు కనిపించకూడదని జనం వెనక కొంగు కప్పుకుని నిలబడ్డావట. నీ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంచెం వెనక నుంచి రావాలి.

ట్రయథ్లాన్ అంటే ముందు ఈత, నీళ్ళలోంచి లేస్తూనే సైకిలు, సైకిలు దిగుతూనే పరుగు. సైకిలూ పరుగూ నా చేతిలో పనులు. ఈతలోనే వెనకబడేవాణ్ణి. ఇక్కడ వాజిద్ అన్న అని, బస్టాండు దగ్గర బట్టల కొట్టు ఆయనది, పొద్దునపూట స్విమ్మింగ్ పూల్‌లో మాకు ఈత నేర్పుతాడు. ఒకరోజు నన్ను కళ్ళు మూసుకుని ఈదమన్నాడు. తిన్నగా పోతున్నాననే అనుకున్నాను. తల ఎడమగోడకు కొట్టుకుంది.

"క్యా సిద్దూ, గానుగెద్దు మాదిరి తిరుగుతాండావే!" అని నవ్వాడు. "బావిలో నేర్సుకున్నావు కదా?"

"బావిలో నేర్చుకుంటే తప్పా? మాకు పూల్ యాడుండాది?" అని ఎగిరాను.

"తప్పని ఎవరన్నారప్పా? ఆ ఊపిరంతా నామింద యాల పారేస్తావు? దాసుకో, నీళ్ళలో పనికొస్తాది."

ఆయన చెప్పింది నిజం. మన బావుల్లో అందరం గోడను కుడిపక్క పెట్టుకుని ఒకే దిక్కుకు చుట్లు తిరుగుతాం. ఊపిరికి తల ఎడమకే తిప్పుతాం. కుడిచెయ్యి భుజానికి ఎదురుగా దిగకుండా తలను దాటి ఎడమకు పడుతుంది, దాని వెంట ఒళ్ళు వంగుతుంది. బావిలో దాన్ని మలుపు అంటాం. చెరువులో అది దారి తప్పడం. మోచెయ్యి పైకి ఉండాలన్నాడు, నీళ్ళను కొట్టకుండా అరచేత పట్టుకుని వెనక్కి నెట్టాలన్నాడు, ఊపిరి ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ తీసుకోవాలన్నాడు. "కుడిపక్క నీకు లోకమే లేదప్పా. ఆ పక్క కూడా సూడు," అన్నాడు.

ఇంతలో ఎండలు ముదిరి, నీళ్ళు చాలక పూల్ మూసేశారు. సెలవు పెట్టి ఊళ్ళో అవ్వ దగ్గరికి పోయాను. నేను చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చిన కృష్ణమ్మ వాళ్ళ బావి ఎండిపోయింది. మన ఊళ్ళో నీళ్ళున్నది ఒక్క భీమరావు మోటబావిలోనే. అవునమ్మా, నేను దిగకూడదని నువ్వు నా చేత ఒట్టు వేయించుకున్న బావి. అందులోనే దిగాను.

అది తాత తవ్విన బావి. నీళ్ళు పడిన రోజు నుంచి మనవాళ్ళను మెట్టు దిగనివ్వలేదు. భీమరావు కుటుంబం పొలం బీడు పెట్టి వెళ్ళిపోయి ఏళ్ళయింది. అడ్డం చెప్పేవాడు లేడు, అయినా మనవాళ్ళు దిగరు, దయ్యం అంటారు. మనుషులు పెట్టిన నిషేధానికి ఇప్పుడు దయ్యం కాపలానా అని అవ్వతో వాదించాను. మూఢనమ్మకాల మీద నేను కొన్న చిన్న పుస్తకాలన్నీ ఆమెకు చదివి వినిపించాను. అవ్వ వక్కాకు నములుతూ విన్నది.

మిట్టమధ్యాహ్నం వెళ్ళేవాణ్ణి. ఆ లోతుకు ఎండ దిగేది అప్పుడొక్కసారే. ఏ బావిలోనైనా గోడల సందుల్లో పావురాలు ఉంటాయి. అక్కడ ఒక్కటీ లేదు. నా చేతుల చప్పుడే గోడలకు తగిలి నాకు తిరిగి వినిపించేది.

కుడికి మొదటిసారి తల తిప్పినప్పుడు రాళ్ళగోడ కనిపించింది. గోడకూ నాకూ మధ్య ఒక మోచెయ్యి లేచింది.

నా నీడ అనుకున్నాను. చేతులు ఆపేశాను. అది ఇంకొక బార వేసి, అప్పుడు ఆగింది.

మర్నాడూ వెళ్ళాను. భయపడి మానేస్తే నేను చదివిన పుస్తకాలకు ఏం జవాబు చెప్పుకోను? మళ్ళీ వచ్చాడు. వీపు, భుజాలు, మెడకు అతుక్కున్న జుట్టు, అంతే. ముఖం నీళ్ళలోనే ఉండేది. నాతో సమానంగా ఈదాడు. ఎన్ని చుట్లు తిరిగినా ఊపిరికి తల తిప్పలేదు.

మెదడుకు ప్రాణవాయువు తగ్గితే లేనివి కనిపిస్తాయని ఒక పుస్తకంలో ఉంది. దాన్నే గట్టిగా పట్టుకున్నాను.

నా కళ్ళు ఎర్రబడటం చూసి అవ్వే అడిగింది. "యా బావిలో పడినావురా?"

చెప్పాను. కుడిపక్క ఉన్నవాణ్ణి గురించి కూడా చెప్పాను. అవ్వ నోట్లోని వక్కాకు ఊసి వచ్చి కూర్చుంది.

"మీ తాత దూకినాడని ఊరంతా అంటారు. మీయమ్మకూ అట్లే తెలుసు. దూకలేదురా. ఈదను దిగినాడు. నేను తవ్విన నీళ్ళు నేను యాల తాకగూడదు అన్నాడు. నీ మాదిరే మొండోడు, నీ ఈడోడే. మిట్టమద్యానం ఎవరూ రారనుకున్నాడు. గట్టుమిందికి భీమరావు మనుసులొచ్చిరి. అలికిడి యిని మునిగినాడు, వాళ్ళు పోయినంక లేద్దామని. వాళ్ళు ఆడే కూసోని బీడీలు ముట్టించిరి."

"నువ్వు యాడుండావవ్వా?"

"బావి పక్కనే, సెనిక్కాయ సేన్లో. మీయమ్మ సంకలో ఉండె. ఏడిస్తే యింటారని దాని నోరు మూసినా. నేను పిలిస్తే ఆయప్ప దొరికిపోతాడు గదా. పిలవలేదురా. ఎవరూ పిలవలా."

అది విన్నాక బావికి పోలేదు. బావిలోని మనిషి బావిలోనే ఉంటాడనుకున్నాను. పోటీరోజు కుప్పం చెరువులో, నీళ్ళ మీద కట్టిన మొదటి ఎర్రగుర్తు దాటగానే, కుడిపక్క అదే మోచెయ్యి లేచింది.

ఆయన్ను చూస్తూ ఈదాను. చూడటానికి కుడికి తిరుగుతూ వచ్చాను కాబట్టి ఎడమకు ఒరగలేదు. నేనెప్పుడూ అంత వేగంగా ఈదలేదు. నీళ్ళు కొండచిలువ కుబుసంలా నా మీద నుంచి జారిపోయాయి. సైకిలూ పరుగూ ముగిసి రాష్ట్ర పోటీకి ఎంపికయ్యానని తెలిశాక వాజిద్ అన్న వచ్చి కౌగిలించుకున్నాడు.

"దారం పట్టి గీసినట్టు వస్తివి గదప్పా! ఊపిరి కూడా భలే దాసుకున్నావు. సగం చెరువు తల ఎత్తలేదే!"

ఇంతదాకా రాసింది సులభం. నీకు చెప్పకుండా దాచుకున్నది ఇది. నేను ఊపిరి దాచుకోలేదమ్మా. తీసుకోవడమే మరిచిపోయాను. సగం చెరువు దాటాక, ఆయన్ను చూడటానికి కూడా తల తిప్పే పని లేకపోయింది. ఆయన ఎక్కడున్నాడో ఒంటికి తెలుస్తోంది. ఛాతీలో మంట లేదు, దడ లేదు. చాలా హాయిగా ఉంది. మోకాళ్ళు బురదకు తగిలాయి కాబట్టి లేచాను. లేవాలని అనిపించలేదు.

ఆ రాత్రికి కూడా పుస్తకంలోని మాటే చెప్పుకున్నాను, ప్రాణవాయువు తగ్గి ఏదో కనిపించిందని. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నువ్వు గట్టున నిలబడి ఊపిరి పీలుస్తూనే ఉన్నావు కదా. నీకెలా కనిపించాడు? దీనికి నా దగ్గర ఉన్న ఏ పుస్తకంలోనూ జవాబు లేదు.

కాబట్టి నువ్వడిగినదానికి జవాబు: ఆ పిల్లోడు గట్టెక్కలేదు. ఆయన మీ నాయన అంజినప్ప. ఒక ఫొటో అయినా లేదు, పైగా ఇప్పటి నీకన్నా చాలా చిన్నవాడు. ఎలా గుర్తుపడతావు? గట్టు మీద మనుషులున్నారని ఇంకా ఊపిరి బిగబట్టి దాక్కునే ఉన్నాడు. పక్కన ఒక తోడు దొరికింది, అంతే. ఆయనకు నా మీద పగేమీ లేదు. తోడు రావడం ఎంత హాయిగా ఉంటుందో తెలిసింది కాబట్టే నాకు భయంగా ఉంది.

ఆదివారం సెలవు పెట్టి రా. పుంగనూరు బస్టాండులో ఉంటాను. సోమల బస్సెక్కి, అవ్వను తీసుకుని, ఎండ నడినెత్తికి వచ్చే వేళకు బావి దగ్గరికి పోదాం. తాయెత్తు వద్దు, టెంకాయ వద్దు. నువ్వు గట్టు మీద నిలబడి గొంతెత్తి పిలవాలి. ఆ రోజు అవ్వ మూసిన నోటితోనే పిలవాలి. బీడీలు తాగినవాళ్ళు పోయారని, గట్టున నువ్వూ అవ్వా తప్ప ఎవరూ లేరని, ఇక లేవమని చెప్పాలి. ఆయన లేస్తే నా కుడిపక్క మళ్ళీ ఖాళీ అవుతుంది. రాష్ట్ర పోటీలో ఎడమకు కొట్టుకుపోతానేమో. పోనీలే.

నువ్వు పిలవగలవు. ఎవరో కూడా తెలియకుండానే, చీకటి పడేదాకా ఆయన కోసం నిలబడ్డావు.

నువ్వు వచ్చేదాకా నీళ్ళలో దిగను, ఇది మాట. అయితే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పటి నుంచి, పొడి నేల మీదే, నాకు నేను గుర్తు చేసుకుని ఊపిరి తీసుకోవలసి వస్తోంది. శనివారం రాత్రి బస్సు దొరికితే ఆదివారం దాకా ఆగకు.

ఇట్లు,
గట్టు మీద నీ గొంతు కోసం చూస్తున్న
నీ కొడుకు, అంజినప్ప మనవడు,
సిద్ధార్థ