కాయితంలో లేని మాట

1988 జూన్ 12, ఆదివారం

ఎండ. సిద్దిపేట మండలాఫీసు వెనక వాన కొలిచే రైన్‌గేజ్ గరాటు ఊడదీసి కడిగాను. లోపల చీమలు చేరాయి. ఉదయం 8:30 రీడింగ్: సున్నా.

సాయంత్రం జలాల్ టైలర్ షాపు ముందు మా పిట్టలదొర ఆట. మూడేళ్లుగా ఆదివారం మా ఇద్దరికీ ఇదే టైంపాస్. జలాల్ దొర. ఖాకీ నిక్కరు, చిరిగిన కోటు, అట్ట టోపీ, కట్టె తుపాకి. నోటికొచ్చిన కోతలన్నీ కోస్తాడు. నేను వంత. రూలు ఒక్కటే. దొర ఏమన్నా నేను "నిజమే దొరా" అనాలి, ఆ అబద్ధం మీద ఇంకో అబద్ధం పెట్టాలి. కాదనకూడదు.

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో రోడ్లు విడిపోతుంటే సూదీదారంతో తానే కుట్టానన్నాడు ఇవాళ. నిజమే దొరా, గుండీలు నేనే పెట్టిన అన్నాను. జనం పడీపడీ నవ్వారు. ఆఫీసులో రోజంతా కలిపి పది మాటలు మాట్లాడని వాణ్ణి. ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో నాకే తెలియదు.

ఇంటికొచ్చి జలాల్ అన్నవన్నీ ఇందులో రాసుకున్నాను. ప్రతిసారీ రాస్తాను. అతనికి తెలియదు.

జూన్ 26, ఆదివారం

మబ్బు. 4.2 మి.మీ.

సంగారెడ్డిలో జిల్లా స్థాయి హాస్య పోటీలట. నోటీసు తెచ్చి జలాల్‌కు చదివి వినిపించాను. స్క్రిప్టు మూడు కాపీలు ముందే పంపాలని ఉంది. జలాల్ నవ్వాడు. ఆడే ముందు తనకే తెలియని మాట వాళ్లకెట్ల పంపాలని అడిగాడు. నేను రాస్తానన్నాను.

జూలై 3

12 మి.మీ. మూడు సాయంత్రాలు కూర్చుని రాశాను. ఇరవై రెండు పేజీలు. మూడేళ్ల డైరీలు ముందేసుకుని మంచి కోతలన్నీ ఏరాను. ఏది ముందు, ఏది వెనక అన్నీ సరిచేశాను. నేను బడికి పోలేదు. బెల్లం కట్టిచ్చిన పేపరు ముక్కలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఆఫీసు టైపిస్టుతో కొట్టించి, నా రాత టైపులో చూసుకుంటే ఒళ్లు పులకరించింది. దాచడమెందుకు.

జూలై 10

రిహార్సల్. జలాల్‌కు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. ఈ సంగతి నాకూ అతని భార్య రబియాబీకీ తప్ప ఎవరికీ తెలియదు. నేను చదువుతుంటే విని పట్టుకుంటున్నాడు. ఎనిమిదో పేజీ దగ్గర ఆగిపోతున్నాడు. మళ్లీ చదివాను. మళ్లీ ఆగాడు.

జూలై 17

ఇవాళ షాపు ముందు ఆట వద్దన్నాను. పేజీలు పూర్తి కావాలి కదా. జలాల్ టోపీ తీసి మిషను మీద పెట్టాడు.

జూలై 25

31.4 మి.మీ. వేరే ఏమీ రాయను.

జూలై 26

రాయకపోతే అన్నం సయించడం లేదు.

మొన్న ఆదివారం సంగారెడ్డి పోటీలో మధ్యాహ్నం మూడింటికి మా వంతు. ఏడు పేజీల దాకా బాగానే పోయింది. బాగానే అంటే ఎవరూ నవ్వలేదు, ఎవరూ లేచి పోలేదు. అంతలో కరెంటు పోయింది. మైకు ఆగింది. జలాల్ మొహం ఒక్కసారి వెలిగింది. అది నాకు కిటికీ వెలుతురులోనే కనిపించింది. స్టేజీ అంచుదాకా వచ్చి, కరెంటు పోలేదు, నేనే తీయించిన, నా మొఖం వెలుగుకు మీ కండ్లు పోతయని, అన్నాడు. హాలు నవ్వింది. గదేనా కాశన్నా అని నా వైపు తిరిగాడు.

నేను ఎనిమిదో పేజీలో ఉన్నాను. ఎనిమిదో పేజీలో రైలు గురించి ఉంది. రైలు గురించి చెప్పాను.

జలాల్ మళ్లీ అడిగాడు. కనుబొమ్మలు ఎగరేశాడు. మూడేళ్లు ఆ కనుబొమ్మలు చూసే మాట అందించాను. ఈసారి నా నోట వచ్చింది ఇది:

"జలాల్ భాయ్, గది కాయితంల లేదు."

అంత నవ్వు మేము ఎన్నడూ వినలేదు. ముందు వరసలో జడ్జి ఒకాయన లేచి తన కాపీ పైకి అందించాడు. ఇదుగో, చూసి చదువు దొరా అన్నాడు. ఆయనకేం తెలుసు. జలాల్ తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తలకిందులుగా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అదీ ఆటేననుకుని ఇంకా నవ్వారు. నేను ఒక్క అడుగు ముందుకేసి కాయితం లాక్కుని చింపేస్తే అయిపోయేది. నా కాపీలో ఎనిమిదో పేజీ మీద వేలు పెట్టుకుని నిలబడ్డాను.

జలాల్ తుపాకి కింద పెట్టి దిగిపోయాడు. బస్సులో వేరే సీటులో కూర్చున్నాడు.

ఆగస్టు 7

18 మి.మీ. షాపుకు పోయాను. ఇంట్లో లేడని రబియాబీ చెప్పింది. లోపల మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. ఇద్దరం ఆ చప్పుడు వింటూ కాసేపు నిలబడ్డాం.

చాయ్ హోటల్లో అతన్ని కాయితం దొర అంటున్నారట. సంగారెడ్డికి మాతో వచ్చినవాళ్లే చెప్పి ఉంటారు.

ఆగస్టు 21

చినుకులు. 1.6.

నేను కుట్టనిచ్చిన అంగీ తయారైందని కబురొచ్చింది. పోయాను. జలాల్ అంగీ మడతపెట్టి ఇచ్చాడు. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ పోయాను. నా నోట వచ్చింది, కాలరు బాగుందని.

తలెత్తకుండానే మాట్లాడాడు. తెలుగు చదవడం రాదని నలుగురికి తెలిసినందుకు బాధ లేదన్నాడు.

"నోట్లకెల్లి వచ్చిన మాట గాలిల పోవాలె కాశన్నా. మూడేండ్ల సంది నువ్వు దాన్ని సీసల పట్టి కొలుస్తున్నవని నాకు తెల్వదు. నీ ఆఫీసు వాన లెక్క."

సోలాపూర్‌లో బావమరిది రెడీమేడ్ షాపు పెట్టాడని, వచ్చే నెల అందరూ అక్కడికే పోతున్నామని చెప్పాడు. మంచిదన్నాను. మంచిది ఎట్లా అవుతుంది.

సెప్టెంబర్ 4

వాన లేదు. నా భార్య బాలమణి బావి దగ్గరికి పోయినప్పుడు అద్దం ముందు నిలబడి ఒక్క అబద్ధం చెప్పబోయాను. ఎవరూ అడగకుండా నాకు రాదు. బాలమణి తిరిగొచ్చి చూసింది. ఏంది ముచ్చట అంది. జలాల్‌ను పోవద్దని చెప్పాలని ఉందన్నాను.

"నువ్వు ఎవ్వలికి అబద్ధం చెప్పవు. నిజం గూడ చెప్పవు," అని బిందె దించుకుంది.

ఆ పూటంతా ఆ మాటే.

సెప్టెంబర్ 10

రేపు ఉదయం వాళ్ల ప్రయాణమట. స్క్రిప్టు కాపీ పొయ్యిలో పెట్టాను. మనసుకు పెద్ద తేడా ఏమీ లేదు.

సెప్టెంబర్ 11, ఆదివారం

తెల్లవారుజాము నుంచి వాన. ఇంటి ముందు కాలువలో చెత్త తీసి గొడుగేసుకుని ఆఫీసుకు పోయాను. ఎనిమిదిన్నరకు గేజ్ సీసా తీసి నీళ్లు కొలత గ్లాసులో పోస్తున్నాను. ప్రహరీ అవతల రిక్షా ఆగింది. టార్పాలిన్ కప్పిన కుట్టు మిషను, దాని పక్కన రబియాబీ. జలాల్ దిగి గోడ దగ్గరికి వచ్చాడు. తల మీద ఆ అట్ట టోపీ, తడిసి చెవుల మీదికి జారింది.

"గీ వాన నేనే కురిపిస్తున్న. పొయ్యేటప్పుడు సిద్దిపేటకు ఇచ్చి పోతున్న. గదేనా కాశన్నా?"

కనుబొమ్మలు ఎగరేశాడు. నా చేతిలో కాయితం లేదు.

"నిజమే దొరా," అన్నాను. "కని సోలాపూర్ బస్సు ఇయ్యాల లేదు. డ్రైవర్‌ను కప్పలు ఎత్తుకపోయినయ్. పండుగలన్ని అయినంకనే ఇడుస్తయట."

రిక్షా అతను ముందు నవ్వాడు. తర్వాత రబియాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జలాల్ నవ్వలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు. టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నిజమే కాశన్నా," అన్నాడు.

అది నా మాట. మూడేళ్లలో అతను ఎన్నడూ అనలేదు. దాని మీద ఇంకో అబద్ధం పెడతాడని చూశాను. పోయి రిక్షా ఎక్కాడు. బస్టాండు వైపే పోయింది.

చూస్తే చేతిలో గ్లాసు వంగి ఉంది. ఎప్పుడు ఒలికిందో తెలియదు. రిజిస్టరు తెరిచాను. తేదీ వేశాను. ఈ రోజు వాన అని రాసి, అంకె వేయకుండా మూసేశాను.