కాలు తీసినా ఆగని కీబోర్డు

అమ్మాయ్,

కుట్టు షాపుకి వెళ్తున్నాను. ఆఫీసు నుంచి రాగానే కీబోర్డు దగ్గరికి పరిగెత్తకు, ముందు ఇది చదువు. ప్లగ్గు వదులుగా ఉంది, గట్టిగా నొక్కు. సౌండు బాగా తగ్గించి ఆన్ చెయ్యి. నేను పెంచి వదిలేశాను.

అవును, నేనే. నాలుగు రోజులుగా నువ్వు అటు వెళ్లగానే దాని ముందు కూర్చుంటున్నాను. ఇవాళ ఎర్ర బటన్ నొక్కాను. లైటు వెలిగేసరికి మురిసిపోయి ఇష్టమొచ్చినట్టు వాయించాను. ఆపుదామని కింద పెడల్ మీంచి కాలు తీశాను. ముప్పై ఏళ్లు కుట్టు మిషన్ తొక్కిన కాలు, దానికి ఇంకేం తెలుస్తుంది! అది ఆగలేదు, ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. దాంతో వచ్చిన పుస్తకం చూశాక తెలిసింది, అది రికార్డు బటనని. పది రోజులు కూర్చుని నువ్వు కట్టుకున్న ట్యూను చెరిగిపోయి, దాని చోట నా టకటకలు ఎక్కాయి.

గుర్తు చేసి సాయపడదామంటే, నేను ఒక్కసారి కూడా విననేలేదు. చప్పుడు పడదని నీకు హెడ్‌ఫోన్ తగిలించింది నేనేగా.

అత్తయ్య

హెడ్‌ఫోన్ కోసం వెతక్కు, నా సంచిలో పెట్టుకుని పోతున్నాను. సాయంత్రం నేను వీధి మొదట్లో ఉండగానే నీ వాయింపు వినపడాలి.